ఆముదం అడిగితే ట్రాఫిక్ జామ్

జీడిగెడ్డ విలేకరి చింతాడ నీలకంఠం పద్నాలుగేళ్ళుగా ‘వేకువవాణి’ దినపత్రికకు వార్తలు పంపుతున్నాడు. ఇన్నేళ్ళలో అతను పంపగా అచ్చయిన ధర్నా వార్తలన్నీ ఒకచోట పేర్చి చదివితే, కార్మికులనేవాళ్ళు ఇంట్లో ఉక్కపోత భరించలేక గాలికోసం నడిరోడ్డు మీద చాపలేసుకుంటారని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ తప్పు నీలకంఠానిది కాదు. వాళ్ళెందుకు కూర్చున్నారో అతను ప్రతిసారీ శ్రద్ధగా రాసి పంపేవాడు. ఆ ‘ఎందుకు’ మాత్రం జిల్లా కేంద్రంలోని డెస్కు గడప దాటి ఏనాడూ బయటికి రాలేదు.

అయితే మొన్న మాఘమాసం దాకా అది ఆచారమే గానీ చట్టం కాదు. దాన్ని చట్టం చేసినవారు బ్యూరో అధిపతి కొంపెల్ల విశ్వపతిగారు. ఆయన హైదరాబాదులో మూడు రోజుల శిక్షణకు వెళ్ళి, మెడలో ఒక తాడు, తాడుకొక కార్డు, చేతిలో ఒక సంచితో తిరిగొచ్చారు. వచ్చిన మర్నాడే జిల్లా విలేకరులందరినీ పిలిపించి, టీ కూడా పోయించకుండా ఒక సర్క్యులర్ చదివి వినిపించారు.

“కార్మిక సంఘముల ఆందోళనల వార్తలు ఇకపై పాఠక కేంద్రితముగా ఉండవలెను. ఆందోళన చేయువారు కొందరు, ఇబ్బంది పడువారు అందరు. పత్రిక అందరిది. కావున మొదటి పేరాలో వాహనములు ఎన్ని కిలోమీటర్ల మేర నిలిచిపోయినవో వ్రాయవలెను. రెండవ పేరాలో ఇబ్బంది పడినవారు, కనీసము ముగ్గురు, వీలైనచో ఒకరు గర్భిణి. మూడవ పేరాలో పోలీసుల రంగప్రవేశము. కారణము వ్రాయుట ఒక పక్షమును సమర్థించుటయే గాన కారణమును వ్రాయరాదు. ఇబ్బంది పడినవారి మాట మాత్రము పవిత్రము. అందులో ఒక్క అక్షరమును విలేకరి గాని, డెస్కు గాని, ఈ క్రింద సంతకము చేసినవారు గాని మార్చరాదు.”

వెనక బెంచీలో కూర్చున్న నీలకంఠం ఉండబట్టలేక లేచాడు. “సార్, కారణం లేకపోతే చదివేవాళ్ళకి ఏం అర్థమవుతుంది సార్?”

విశ్వపతిగారు జాలిగా నవ్వారు. “వాన పడితే ఎందుకు పడిందని రాస్తామటయ్యా? ఎంతమంది తడిశారో రాస్తాం. ఇదీ అంతే.”

విలేకరులు తలలూపి, నోటుపుస్తకాలు మూసుకుని ఊళ్ళకు వెళ్ళారు. నెల తిరక్కుండానే జిల్లాలో ధర్నా వార్తలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు రావడం మొదలైంది. పక్క మండలం విలేకరి, తన ఊళ్ళో గర్భిణులు సమయానికి దొరక్క, ఉన్న ఒక్క అమ్మాయినీ ప్రతి ధర్నాకూ వాడుకున్నాడు. ఆ పిల్ల పండంటి కొడుకును కని, బారసాల చేసి, ఊయల తాడు బిగించాక కూడా పత్రికలో మాత్రం నిండు చూలాలిగానే బస్సుకోసం ఎదురుచూస్తోంది. డెస్కులో ఎవరూ లెక్కపెట్టలేదు.

నీలకంఠం కూడా అలాగే రోజులు దొర్లించేసేవాడే, అతను ‘అప్పా’ అని పిలిచే అక్క సీపాన ఆదెమ్మ ఆ ఊరి జీడిఫ్యాక్టరీలో పనిచెయ్యకపోతే.

జీడిగింజను బద్దలు కొట్టి పప్పు తియ్యడమంటే, చూసేవాళ్ళకి కులాసా పనిలాగే ఉంటుంది. తొక్కలోంచి కారే నల్లటి జీడి ఎవరి ఒంటికి తగిలితే వాళ్ళకి తెలుస్తుంది. చర్మం కాలి, బొబ్బలెక్కి, తోలు ఊడొస్తుంది. అందుకే ఆడవాళ్ళు ముందు చేతులకు ఆముదం పట్టించుకుని కత్తి ముందు కూర్చుంటారు. షావుకారు కోరాడ జగన్నాథంగారి తండ్రి హయాం నుంచీ షెడ్డు గుమ్మంలో ఆముదం డ్రమ్ము ఒకటి ఉండేది. మొన్న ఫాల్గుణంలో ఫ్యాక్టరీకి పరిశుభ్రత సర్టిఫికెట్టు ఇవ్వడానికి విశాఖపట్నం నుంచి ఒకాయన తెల్లబూట్లతో వచ్చాడు. గుమ్మంలో జిడ్డు డ్రమ్ము ఉండకూడదన్నాడు. డ్రమ్ము తీసేసి, ఆ స్థానంలో క్రోటన్ మొక్క కుండీ పెట్టారు. సర్టిఫికెట్టు వచ్చింది. మొక్క చక్కగా ఎదుగుతోంది. రెండువందల మంది చేతులు మండుతున్నాయి.

సంఘం పెద్ద ఆదెమ్మే. షావుకారు వినకపోయేసరికి పదిమందిని వెంటేసుకుని కార్మిక శాఖ అధికారి హయగ్రీవరావుగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన మాట్లాడేదంతా ఫైలు భాషే. ఇంట్లో భార్యను కాఫీ అడిగినా ‘త్వరితగతిన’ అనే అడుగుతాడని ఊళ్ళో చెప్పుకుంటారు.

“మీ వినతి సానుభూతితో పరిశీలింపదగినదే,” అన్నారాయన, ఆదెమ్మ చేతులకేసి చూడకుండా. “అయితే ఒక సమస్య ఈ కార్యాలయమునకు సమస్యగా గోచరించవలెనన్న, ముందుగా అది ప్రజల దృష్టికి వచ్చియుండవలెను. వచ్చినదనుటకు రుజువు పత్రికా కత్తిరింపు. అందు మీ కోర్కెయు, దాని కారణమును స్పష్టముగా ముద్రితమై యుండవలెను. అట్టి కత్తిరింపును జతపరచిన తక్షణమే ఆదేశములు జారీ చేసెదము.”

“ఏ పేపరైతే బాగుంటాదండీ బాబూ?”

“జిల్లాయందు అందరును చదువునది ‘వేకువవాణి’ గదా.”

ఆదెమ్మ మొహం వెలిగిపోయింది. “అదెంత పని బాబూ! ఆ పేపరు మా తమ్ముడిదే!”

అక్కణ్ణుంచి సరాసరి తమ్ముడింటికొచ్చింది. నీలకంఠం అప్పుడే గంజి తాగుతున్నాడు.

“ఒరే తమ్ముడూ, రేపు లేబరాఫీసు ముందల మేం కూకుంటాం. ‘పన్జేసే సేతులకి ఫ్యాక్టరీవోలు ఆమదం ఇవ్వాల, డ్రమ్ము తీసీసినారు, మళ్ళీ ఎట్టాల.’ ఈ ఒక్క ముక్క నీ పేపర్ల రాయించు. మరేటీ అక్కర్లేదు.”

నీలకంఠం గంజి గిన్నె కింద పెట్టాడు. పద్నాలుగేళ్ళలో ఆ ఒక్క ముక్కే అచ్చు కాలేదని తోడబుట్టినదానికి ఎలా చెప్పేది? “సూద్దాం అప్పా,” అన్నాడు.

మర్నాడు ధర్నా బ్రహ్మాండంగా జరిగింది. ఆదెమ్మ మర్యాదస్తురాలు. రోడ్డుకు ఇవతల ఖాళీ స్థలంలో టెంటు వేయించింది. ఆవులొస్తే లేచి దారిచ్చారు. లేబరాఫీసు జవానుకి మజ్జిగ పోశారు. నీలకంఠం చూసింది చూసినట్టు పది లైన్లు రాసి పంపించాడు. సాయంత్రం డెస్కు నుంచి సబ్ ఎడిటర్ వామనమూర్తి ఫోన్ చేశాడు.

“నీలకంఠంగారూ, ఎన్ని కిలోమీటర్లు?”

“కిలోమీటర్లేవీ లేవండీ. రోడ్డు పక్కన కూర్చున్నారు.”

“ఇబ్బంది పడింది ఎవరు?”

“ఎవరూ పడలేదండీ.”

అటువైపు కాసేపు కాగితాలు తిరగేసిన చప్పుడు. “ఎవరికీ ఇబ్బంది లేకపోతే జరగలేదన్నమాటే కదండీ! జరగని ధర్నా వార్త వేస్తే రేపు ఖండన వెయ్యాలి,” అని ఫోన్ పెట్టేశాడు. ఆ స్థలంలో గుమ్మడికాయ బరువు గురించిన వార్త వేశారు.

పొద్దున్నే ఆదెమ్మ పేపరు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. “రెండొందలమందిమి ఎండలో కూకున్నాం. గుమ్మడికాయ కూకున్నాదేట్రా?”

నీలకంఠం సిగ్గుపడి సర్క్యులర్ సంగతంతా చెప్పేశాడు. ఆదెమ్మ శ్రద్ధగా విని, “ఓస్, ఇబ్బంది కావాలేటి? ముందే సెప్తే పోయీది గదా!” అని వెళ్ళి, ఆ మధ్యాహ్నమే మెయిన్ రోడ్డుకు అడ్డంగా అందరినీ కూర్చోబెట్టింది.

జీడిగెడ్డ మెయిన్ రోడ్డు మీద మధ్యాహ్నం పూట ఆగడానికి పెద్దగా ఏమీ ఉండదు. రెండు ఆటోలు, ఒక పాలవ్యాను, మంద తప్పిన ఒక గేదె ఆగాయి. అదృష్టం కొద్దీ ఒక పెళ్ళిబృందం కూడా వచ్చి చిక్కుకుంది. నీలకంఠం ఈసారి పేరాలన్నీ సర్క్యులర్ ప్రకారమే రాసి, అప్ప చెప్పిన ముక్కను నాలుగో పేరాలో ఇరికించాడు. మర్నాడు మూడు కాలాల్లో అచ్చయింది. ‘మండుటెండలో పెళ్ళికొడుకు విలవిల’ అని శీర్షిక. డెస్కు లెక్కలో కిలోమీటర్లు మూడు. నాలుగో పేరా మాయం. పెళ్ళికొడుకు మాత్రం తన తలపాగా సైజు దగ్గర్నుంచి మేనమామ మీద కోపం దాకా చెప్పుకున్నదంతా అక్షరం పోకుండా వచ్చింది.

ఆదెమ్మ ఆ కటింగ్ తీసుకుని లేబరాఫీసుకు పరిగెత్తింది. హయగ్రీవరావుగారు కళ్ళద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివారు.

“ఇందు పెండ్లికుమారుని సమస్య సవివరముగా నున్నది. మీ సమస్య లేదు. పెండ్లికుమారుడు వచ్చి దరఖాస్తు చేసుకొన్నచో తలపాగా విషయము పరిశీలించెదము.”

ఆ రాత్రి ఆదెమ్మ చేతులు అరటాకులో పెట్టుకుని చాలాసేపు ఆలోచించింది. చదువు లేకపోయినా ఆమెకు ఒక సంగతి చటుక్కున పట్టుబడింది. ఆ పేపర్లో నోరున్నది ఇబ్బంది పడినవాళ్ళకే. అయితే ఇబ్బంది పడినవాళ్ళు కూడా తామే అయితే సరి!

మర్నాడు సగంమంది రోడ్డు మీద కూర్చున్నారు. మిగతా సగం ఆటోలెక్కి ఊరి బయటకు వెళ్ళి, అటునుంచి తిరిగొచ్చి ఆ రాస్తారోకోలో చిక్కుకున్నారు. నీలకంఠం పుస్తకం తీసి ఒక్కొక్కరినే అడిగాడు. మొదట చిక్కుకున్నావిడ, “ఫ్యాక్టరీవోలు ఆమదం డ్రమ్ము తీసీసినారు, సేతులు కాలిపోతన్నాయి,” అని చెప్పింది. రెండో ఆవిడ ఉత్త పిరికిది, ఫ్యాక్టరీ పేరెత్తడానికి భయపడి, “సేతులు మంటలండి బాబూ, బజార్ల ఆమదం కొనుక్కుందామని ఎల్తన్నాను, ఈలు అడ్డం కూకున్నారు,” అంది.

సాయంత్రం వామనమూర్తి ఫోన్ చేశాడు. “మొదటావిడని తీసేశామండీ. ఆవిడకి కారణం తెలుసు. కారణం తెలిసినవాళ్ళు ఆందోళనకారులే అవుతారు గానీ ఇబ్బంది పడినవాళ్ళు కాలేరని విశ్వపతిగారు స్పష్టం చేశారు. రెండో ఆవిడ మాత్రం అద్భుతం!”

పొద్దున్న పేపర్లో జిల్లా పేజీకి తలకట్టులా వచ్చింది: ‘రాస్తారోకోతో ఆముదం అందక మహిళల ఆక్రందన’. పక్కన పెట్టెలో, ఆముదం చర్మానికి చేసే మేలు గురించి ఆయుర్వేద వైద్యుడి మాటలు. జీడిగెడ్డ మహిళలకు ఆముదం కరువు కావడానికి ధర్నాలే కారణమని జిల్లా అంతా ఆ ఒక్కరోజులో తెలుసుకుంది.

ఇక చూడాలి విశ్వపతిగారి ఉత్సాహం! మూడోరోజుకల్లా ‘ఆందోళన బాధితులకు ఆముద నిధి’ ప్రారంభమైంది. పాఠకులు సీసాలు పంపారు. ఒక వ్యాపారి ఆముదం గింజలే పంపి, ఆడించుకోమన్నాడు. ఒక పాఠశాల పిల్లలు ఆముదంపై వ్యాసాలు రాశారు. అందరికన్నా ముందు షావుకారు జగన్నాథంగారు రంగంలోకి దిగి, రోజూ పదింటికి రాస్తారోకో దగ్గరికి వచ్చి, అటు చిక్కుకున్న ఆడవాళ్ళకు తలో గరిటెడు ఆముదం తన చేత్తో పోస్తూ ఫొటో దిగేవారు. తన షెడ్డులో ఇవ్వనని ఆపేసిన ఆముదాన్నే, తన పనివాళ్ళకే, నడిరోడ్డు మీద దానం చేస్తున్నారు. ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షమంటారు. జీడిగెడ్డలో ఆ చెట్టు షావుకారుగారయ్యారు. ఆయనకు ‘స్నిగ్ధహృదయ’ అని బిరుదు ఇవ్వాలని ఎవరో తీర్మానం కూడా చేశారు.

ఆముదం దొరకాలంటే బాధితులుండాలి. బాధితులుండాలంటే ధర్నా ఉండాలి. దాంతో ఆడవాళ్ళు వంతులు వేసుకున్నారు. సోమవారం కూర్చున్నవాళ్ళు మంగళవారం చిక్కుకుంటారు. చిక్కుకున్నవాళ్ళు బుధవారం కూర్చుంటారు. ఒకరోజు వంతు లెక్క తప్పి అందరూ చిక్కుకోవడానికే వచ్చేశారు. రోడ్డు ఖాళీగా ఉంది. ఎస్సైగారు చెమటలు కక్కుతూ, “ఎవరో ఒకరు కూర్చోండమ్మా, షావుకారుగారు బయల్దేరిపోయారు!” అని బతిమాలాల్సి వచ్చింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకో గానీ, కూర్చోడానికి కానిస్టేబుళ్ళే చాపలు పరిచారు.

పన్నెండో రోజు సాయంత్రం ఆదెమ్మ తమ్ముడింటికొచ్చింది. ఆరోజు చిక్కుకునే వంతు ఆమెదే. చేతులకింకా షావుకారు పోసిన ఆముదం మెరుస్తోంది. నీలకంఠం సంబరంగా, “ఎలాగైతేనేం, ఆమదం ఒచ్చింది గదప్పా!” అన్నాడు.

ఆదెమ్మ అతనికేసి ఒక చూపు చూసింది.

“ఒచ్చింది. రోడ్డు మీద దోసిలి పడితే ఒచ్చింది. ఇరవై రెండేళ్ళు పన్జేసినాను ఆ షెడ్డుల. నా సేతులు మండితే నాను బాదితురాలినేట్రా? ముష్టిదాన్నా? పన్జేసే మనిసిని. పనికిచ్చే ఆమదం పన్లోనే ఇవ్వాల. ఆ ముక్క రాయమన్నాను నిన్ను. నువ్వు రాసిన కాణ్ణుంచీ మేం అడుక్కునేవోలం అయిపోనాం.”

నీలకంఠానికి ఏడుపొచ్చినంత పనైంది. తను ఒక్క అబద్ధమూ రాయలేదు. సర్క్యులర్ దాటలేదు. అయినా తోడబుట్టినదాన్ని రోడ్డు మీద దోసిలి పట్టించింది తన కలమే. “రేపటి నుంచి సిక్కుకోడాలు లేవు,” అంది ఆదెమ్మ వెళ్ళిపోతూ. “రెండొందలమందిమీ కూకుంటాం. రాస్తే రాయి, నేకపోతే మానీ.”

ఆ రేపు మామూలు రేపు కాదు. ఆముద నిధికి ముగింపు సభ ఆరోజే, షావుకారుగారి ఫ్యాక్టరీ ఆవరణలో. ముఖ్య అతిథి విశ్వపతిగారు. ఊరి పొలిమేరలో షావుకారుగారు ఆయనకు ఘనంగా స్వాగతం చెప్పి, జీడిగెడ్డ ప్రత్యేకత అని చెప్పి మెడలో జీడిమామిడి పళ్ళ దండ వేశారు. ఎర్రటి పళ్ళు, ఒక్కొక్క పండు కింద పచ్చి జీడిగింజ వేలాడుతూ చూడముచ్చటగా ఉంది. షావుకారు కారు సందుల్లోంచి వెళ్ళిపోయింది. విశ్వపతిగారి కారు మెయిన్ రోడ్డెక్కి, రెండువందల మంది ఆడవాళ్ళ ముందు ఆగిపోయింది.

పదకొండయింది. పన్నెండున్నరయింది. సభలో భోజనాలున్నాయని ఆయన పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. ఆకలి దంచేస్తోంది. డ్రైవరు టీ కోసం వెళ్ళాడు. విశ్వపతిగారు మెడలో దండకేసి చూసుకున్నారు. పట్నంలో పుట్టి పెరిగిన మనిషి. జీడిపప్పు ఆయనకు ఉప్మాలో తెలుసు, పాయసంలో తెలుసు, వేయించి ఉప్పు చల్లిన పొట్లంలో తెలుసు. పండు కింద ఉన్నది జీడిగింజేనని, గింజ లోపల పప్పుంటుందని కూడా తెలుసు. మధ్యలో ఏముంటుందో తెలియదు. తెలివైనవాడు కదా, ఇంకేముంది, గింజను పళ్ళ మధ్య పెట్టి కటుక్కున కొరికారు.

తర్వాత వినిపించిన కేక గురించి జీడిగెడ్డలో ఇప్పటికీ చెప్పుకుంటారు. విశ్వపతిగారు కారు తలుపు తోసుకుని రోడ్డు మీద పడ్డారు. పెదవులు, నాలుక, గడ్డం భగభగ మండిపోతున్నాయి. చేత్తో తుడుచుకునేసరికి చెయ్యి కూడా అంటుకుంది.

“నీళ్ళు! నీళ్ళు!”

“నీళ్ళు పొయ్యకండి బాబూ, జీడి కింద దాకా కారీసి అంతా మండుతాది!” అంటూ ఆదెమ్మ అందరికన్నా ముందు లేచి పరిగెత్తింది. చీర కుచ్చిళ్ళ దగ్గర దోపుకున్న చిన్న సీసా తీసి, ఆయన తల తన ఒళ్ళో పెట్టుకుని, మూతికీ గడ్డానికీ ఆముదం పట్టించింది. సీసా రెండు నిమిషాల్లో అయిపోయింది.

“ఇంకా! ఇంకా రాయమ్మా! ఇంకా లేదా?”

“నేదు బాబూ. ఇది నా సొంతంది.”

“ఆ పక్కనే జీడిఫ్యాక్టరీ ఉంది కదా! అక్కడ లేదా ఆముదం?”

“తీసీసినారు బాబూ. డ్రమ్ము ఉండీది, సర్టిఫికెట్టు కోసమని తీసీసినారు.”

“తీసేశారా!” విశ్వపతిగారు మంటకు గిలగిల్లాడుతూ లేచి కూర్చున్నారు. “బుద్ధుందా వాళ్ళకి? ఇంత మంట రోజూ ఎలా పడతారమ్మా? జీడి పని చేయించుకుంటూ ఆముదం ఇవ్వకపోతే అది ఫ్యాక్టరీయా, కసాయి కొట్టా? పనిచేసే చేతులకి యజమాని ఆముదం ఇచ్చి తీరాలి!”

నీలకంఠం గుంపులోంచి ముందుకొచ్చి, నెమ్మదిగా జేబులోంచి పుస్తకం తీసి, ఆయన ముందు గొంతుక్కూర్చున్నాడు.

“సార్, నేను జీడిగెడ్డ విలేకర్ని. ఈ రాస్తారోకో వల్ల తమరికి కలిగిన ఇబ్బంది మరోసారి చెప్తారా?”

విశ్వపతిగారు నోరు తెరిచారు. అప్పటికే పెదవులు రెండూ బూరెల్లా పొంగిపోయాయి. “ఊఁ... ఊఁ...” తప్ప మాట రాలేదు. పర్వాలేదు, మొదట చెప్పింది నీలకంఠం అక్షరం పోకుండా రాసుకున్నాడు.

ఆయన్ని ఆస్పత్రికి పంపించి, ఇంటికెళ్ళి వార్త రాశాడు. మొదటి పేరాలో కిలోమీటర్లు. రెండో పేరాలో ఇబ్బంది పడినవారు: శ్రీ కొంపెల్ల విశ్వపతి, యాభై రెండేళ్ళు, ప్రముఖ పాత్రికేయులు. తర్వాత ఆయన మాటలు. మూడో పేరాలో పోలీసులు. ఉన్న ఒక్క విలేకరి పని ఊడుతుందని తెలుసు. కళ్ళు మూసుకుని పంపేశాడు.

డెస్కులో వార్త చదివిన వామనమూర్తి మొహం ఆముదం తాగినట్టయింది. మాట మారుద్దామంటే సర్క్యులర్ అడ్డం, దాని కింద సంతకం విశ్వపతిగారిదే. కారణం చెప్పినవాడు బాధితుడు కాడు, ఆందోళనకారుడని వార్త ఆపేద్దామంటే, విశ్వపతిగారిని ఆందోళనకారుడని తేల్చే ధైర్యం డెస్కులో ఎవరికీ లేదు. ఆస్పత్రికి మూడుసార్లు ఫోన్ చేశాడు. మూడుసార్లూ అటునుంచి మూలుగే వినిపించింది. మూలుగు మీద సర్క్యులర్‌లో ఏమీ లేదు. గడియారం చూసుకుని, దేవుడి మీద భారం వేసి, వార్తను పేజీలో పెట్టేశాడు.

మర్నాడు నీలకంఠం తెచ్చిచ్చిన కటింగ్ హయగ్రీవరావుగారు చదివి, ఎర్ర ఇంకుతో గీత గీశారు. “కోర్కె స్పష్టముగా నున్నది. కారణము సవివరముగా నున్నది. చెప్పినవారు పెద్దమనుషులు. ఇక ఉపేక్షించుటకు వీలులేదు.” మధ్యాహ్నానికి ఆదేశం వెళ్ళింది. సాయంత్రానికి క్రోటన్ కుండీ పక్కకు జరిగి, షెడ్డు గుమ్మంలోకి ఆముదం డ్రమ్ము వచ్చింది.

వారం తర్వాత జిల్లా కేంద్రం నుంచి రెండు కాగితాలొచ్చాయి. విశ్వపతిగారి నోటికింకా కట్టు ఉంది గనుక అన్నీ రాతపూర్వకంగానే సాగుతున్నాయి. మొదటిది కొత్త సర్క్యులర్: ‘ఇకపై ఇబ్బంది పడినవారిని ఇబ్బంది పడుచున్న సమయమున మాట్లాడించరాదు.’ రెండోది నీలకంఠానికి: మూడు నెలలపాటు ధర్నాలు, సమ్మెలు, రాస్తారోకోలు రాయకూడదు, కూరగాయల ధరలు మాత్రమే రాయవచ్చు. ఊడుతుందనుకున్న పని ఊడనందుకు నీలకంఠం పొంగిపోయి, విశ్వపతిగారి మాటలు అచ్చయిన వారం నాటి పేపరు పట్టుకుని ఫ్యాక్టరీకి పరిగెత్తాడు.

పొద్దున్న షిఫ్టు మొదలవబోతోంది. ఆదెమ్మ డ్రమ్ము దగ్గర నిలబడి, మోచేతుల దాకా ఆముదం పట్టించుకుంటోంది.

“అప్పా, సూడు. నువ్వు రాయమన్న ముక్క. ఉన్నదున్నట్టు అచ్చయింది!”

“సదువు.”

చదివి వినిపించాడు. పనిచేసే చేతులకి యజమాని ఆముదం ఇచ్చి తీరాలి. ఆదెమ్మ తలూపింది.

“బాగుంది. ఎవులన్నారని రాసినావు?”

“ఆయనే గదప్పా అన్నాడు. విశ్వపతిగారు.”

“మా పేర్లున్నాయేటి?”

నీలకంఠం పేపరు మళ్ళీ చూశాడు, ఉంటాయేమోనన్నట్టు. “నేవప్పా. ‘కొందరు మహిళలు’ అని ఉంది.”

ఆదెమ్మకు కోపం రాలేదు. నవ్వొచ్చింది. వెనక వరసలో ఉన్నవాళ్ళకీ వినబడేలా పెద్దగా నవ్వింది.

“రెండొందలమంది సేతులు రెండు నెల్లు కాలితే పేపర్ల సోటు నేదు. ఒక్క మనిసి మూతి ఒక్క పూట కాలితే తెల్లారేతలికి అచ్చయిపోయింది,” అంది. “సరేలే, ఆమదం ఒచ్చింది గదా. ఒరే తమ్ముడూ, సేతులు తుడుసుకోడానికి ఆ పేపరిలా ఇచ్చీ.”